నాన్నగారికి నిజం చెప్పాలా? కర్తవ్య నీతి ఏ మేరకు దారి చూపుతుంది

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ నాన్నగారికి క్యాన్సర్ అని తేలింది. ఆ సంగతి ఆయన చెవిన పడకూడదని మీ అమ్మగారు, బాబాయిలు పట్టుబడుతున్నారు. డాక్టరుగారు కూడా "మీ ఇంటివాళ్ళంతా ఆలోచించుకుని చెప్పండి" అని ఊరుకున్నారు. డిగ్రీలో చదువుకున్న జర్మన్ తత్వవేత్త కాంట్ మీకు గుర్తుకొచ్చి, ఎంత మంచి కోసమైనా అబద్ధం తప్పేనని చెప్పే ఆయన సిద్ధాంతం, అంటే కర్తవ్య నీతి, ఇలాంటి చోట మనిషికి దారి చూపుతుందా, లేక పరీక్ష రాయడానికే పనికొస్తుందా అని అడిగారు. నేను 28 ఏళ్ళు డిగ్రీ కళాశాలలో తత్వశాస్త్రం బోధించాను. ఆ తర్వాత 9 ఏళ్ళు ఒక ఆసుపత్రి ఎథిక్స్ కమిటీలో, అంటే అక్కడి వైద్య పరిశోధనలు నీతిబద్ధంగా ఉన్నాయా అని చూసే సంఘంలో, వైద్యుడు కాని సభ్యుడిగా కూర్చున్నాను. ఈ ప్రశ్న నాకు తరగతి గదిలోనూ, ఆసుపత్రిలోనూ, చివరికి మా ఇంట్లోనూ ఎదురైంది కాబట్టి కొంచెం విస్తారంగానే రాస్తాను.

కర్తవ్య నీతి తప్పకుండా దారి చూపుతుంది. అయితే రేపు పొద్దున్న నాన్నగారి మంచం పక్కన కూర్చుని మీరు ఏ మాట అనాలో అది చెప్పదు. ఏ నిర్ణయం తీసుకునే హక్కు మీది కాదో చెబుతుంది. నా అనుభవంలో మనుషులు దారి తప్పేది ఎక్కువగా ఈ రెండో చోటనే.

ముందు మాట గురించి కొంత చెప్పాలి. మన భాషలో 'విధి' అంటే చేయవలసిన పని అనే అర్థమూ ఉంది, తలరాత అనే అర్థమూ ఉంది. 'ధర్మం' న్యాయమూ అవుతుంది, గుడి మెట్ల మీద చేయి చాచినవాడు అడిగేదీ అవుతుంది. ఇక 'డ్యూటీ' పొద్దున ఎక్కి సాయంత్రం దిగేది. అందువల్ల తరగతిలో నేను 'కర్తవ్యం' అనే మాటనే పట్టుకునేవాణ్ణి. చేయదగినది, చేసి తీరవలసినది అనే అర్థం తప్ప దానికి వేరే అర్థం లేదు. ఈ సిద్ధాంతానికి ఇంగ్లీషులో ఉన్న 'డియాంటాలజీ' అనే పేరు కూడా దాదాపు అదే అర్థమిచ్చే ఒక గ్రీకు మాట నుంచి పుట్టింది.

ఇమ్మాన్యుయేల్ కాంట్ 1724లో, అప్పటి ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గ్‌లో, గుర్రపు జీనుల పని చేసుకునే ఒక సామాన్యుడి ఇంట పుట్టాడు. 1785లో అచ్చయిన నీతిశాస్త్ర గ్రంథంలో ఆయన చెప్పిన కిరాణా వ్యాపారి ఉదాహరణ మీకు గుర్తుండే ఉంటుంది. బేరం తెలియని చిన్నపిల్లవాడు వచ్చినా ఆ వ్యాపారి అందరికీ అమ్మే ధరకే సరుకు ఇస్తాడు. పని మంచిదే. కానీ మోసం బయటపడితే బేరాలు పోతాయన్న లెక్కతోనే అలా చేస్తున్నాడనుకోండి, మోసం ఎన్నటికీ బయటపడదని తెలిసిన రోజున ఆ నిజాయితీకి ఆధారం ఏమిటి? మోసం చేయకూడదు కాబట్టి చేయనివాడికి మాత్రం ఎవరు చూస్తున్నా చూడకపోయినా తేడా ఉండదు. ఫలితాన్ని చూసుకుని మంచిగా ఉండేవాడి మంచితనం ఫలితంతోపాటే మారిపోతుందన్నది కాంట్ ఆందోళన. అందుకే ఆయన, ఏ కోరికకూ ఏ లాభానికీ ముడిపెట్టని ఆజ్ఞ ఒకటి మన బుద్ధిలోనే ఉందని, దానికి నిరపేక్ష ఆదేశమని పేరు పెట్టాడు.

దాన్ని ఆయన పలు రూపాల్లో చెప్పాడు. నేను పాటిస్తున్న సూత్రాన్ని లోకంలో అందరూ పాటిస్తే అది నిలబడుతుందా అని చూసుకోమనేది మొదటిది. తిరిగి ఇచ్చే ఉద్దేశం లేకుండా "వచ్చే నెల ఇచ్చేస్తాను" అని చేబదులు అడిగేవాడు, అందరూ అలాగే అడిగితే ఇక ఎవరూ ఎవరికీ అప్పివ్వరని, తన అబద్ధం ఇతరుల నిజాయితీ మీద బతుకుతోందని గ్రహించాలి. మీ సమస్యకు దీనికన్నా ముఖ్యమైనది మరొక రూపం. మనిషిని, అది నువ్వైనా ఎదుటివాడైనా, కేవలం సాధనంగా ఎన్నడూ చూడవద్దని అది చెబుతుంది.

ఇందులో 'కేవలం' అన్న మాటను చాలామంది దాటేస్తారు. మనం రోజంతా ఒకరినొకరం వాడుకుంటూనే ఉంటాం. ఆటో ఎక్కినప్పుడు డ్రైవరు మనకు సాధనమే, అతనికి మనమూ సాధనమే, అందులో తప్పేమీ లేదు. ఎందుకంటే రానని చెప్పే అవకాశం అతనికి ఉంది. మనం ఏం చేస్తున్నామో తెలియనివ్వకుండా, కాదనే వీలు లేకుండా చేసి ఒక మనిషిని మన ఆలోచనకు తగ్గట్టు నడిపించినప్పుడు, ఉద్దేశం మంచిదైనా సరే, అతన్ని వస్తువును చేసినట్టే.

దీనికి మన నేల మీద జరిగిన ఒక ఉదాహరణ చెప్తాను. 2009లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో, 10 నుంచి 14 ఏళ్ళ బాలికలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా వేసే కార్యక్రమం మొదలైంది. అమెరికాకు చెందిన ఒక స్వచ్ఛంద సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన అధ్యయనం అది. ఆ బాలికల్లో చాలామంది గిరిజన కుటుంబాల పిల్లలు, హాస్టళ్ళలో ఉండి చదువుకుంటున్నవాళ్ళు. కొన్ని మరణాల వార్తలు రావడంతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని ఆపేశారు. 2013లో వచ్చిన పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక ప్రకారం, రాష్ట్రంలో పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 పత్రాల మీద వేలిముద్రలున్నాయి, 2,763 పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు.

ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు కనిపించలేదని విచారణ సంఘం అభిప్రాయపడింది. టీకా కూడా మంచిదే, చాలా దేశాల్లో వాడుకలో ఉన్నదే. అంటే ఫలితాలు మాత్రమే తూచేవాడికి ఇక్కడ తప్పు పట్టడానికి పెద్దగా ఏమీ మిగలదు. మనకు మాత్రం ఆ 2,763 సంతకాల దగ్గర మనసు ఒప్పుకోదు. ఆ ఒప్పుకోకపోవడానికి కారణం చెప్పగలిగేది కర్తవ్య నీతి ఒక్కటే. పొలంలోనో అడవిలోనో పనికి పోయిన ఆ తల్లిని "నీ బిడ్డకు ఈ సూది వేస్తున్నాం, ఇందుకు వేస్తున్నాం, సరేనా" అని అడగవలసి ఉంది, అడగలేదు. ఆమెకు చదువు రాకపోవడం, ఆమె ఊరు దూరం కావడం, అడిగితే ఆలస్యం కావడం అడగకపోవడానికి కారణాలు కావచ్చు గానీ, అడగనక్కరలేదనడానికి కారణాలు కావు.

కమిటీలో నా పని ముఖ్యంగా తెలుగు సమాచార పత్రాలు చదవడం. ఒకసారి ఒక కొత్త మందు పరీక్షకు సంబంధించిన పత్రం మూడో పేజీలో "ఈ మందు మీ జబ్బును తగ్గిస్తుంది" అని ఉంది. అది తగ్గిస్తుందో లేదో తెలుసుకోవడానికే కదా ఆ పరీక్ష. పెన్సిలుతో ఆ వాక్యం కింద గీత గీసి, "తగ్గిస్తుందో లేదో మాకింకా తెలియదు, అది తెలుసుకోవడానికే మీ సాయం అడుగుతున్నాం" అని మార్చాలన్నాను. అలా రాస్తే ఎవరూ చేరరని ఎదుటి కుర్చీలోని యువ వైద్యుడు అన్నాడు. అతను చెడ్డవాడు కాదు, ఆ మందు వల్ల వేలమందికి మేలు జరుగుతుందని మనస్ఫూర్తిగా నమ్మినవాడు. ఆ మాట చెబితే ఎవరూ చేరరు కాబట్టి చెప్పవద్దనడమంటే, వాళ్ళు వద్దంటారని తెలిసే వాళ్ళను చేర్చుకుంటున్నామని అర్థమని చెప్పాను. చాలాసేపు వాదన జరిగాక వాక్యం మారింది. మనిషి మీద ప్రయోగానికి అతని స్వచ్ఛంద అంగీకారం తప్పనిసరి అని నాజీ వైద్యుల విచారణ తర్వాత 1947లో వచ్చిన న్యూరెంబర్గ్ నియమావళి మొదటి సూత్రంగా చెప్పిన మాట చివరికి నిలిచేదీ వీగిపోయేదీ ఇలాంటి ఒక్క వాక్యం దగ్గరే.

ఇక మీరు లేవనెత్తిన అభ్యంతరానికి వస్తాను. మీ స్నేహితుడు మీ ఇంట్లో దాక్కున్నాడు, హంతకుడు తలుపు తట్టి అతనున్నాడా అని అడిగాడు. అప్పుడు కూడా అబద్ధమాడే హక్కు లేదని 1797లో బెంజమిన్ కాన్‌స్టాంట్ అనే ఫ్రెంచి రచయితకు సమాధానంగా కాంట్ రాశాడు. ఇదే కథ మన మహాభారతం కర్ణపర్వంలో ఉందన్నది చాలామందికి తట్టదు. సత్యవ్రతుడైన కౌశికుడనే తాపసి, దొంగలు తరుముతుంటే అడవిలో దాక్కున్నవారి జాడను, దొంగలు అడిగినందుకు నిజం చెప్పి, వాళ్ళ చావుకు కారణమై, నరకానికి పోయాడని కృష్ణుడు అర్జునుడికి చెబుతాడు. గాండీవాన్ని మరొకరికి ఇమ్మన్నవాణ్ణి చంపుతానన్న తన ప్రతిజ్ఞను నిలుపుకోవడానికి అర్జునుడు అన్నగారి మీదికి కత్తి ఎత్తిన సందర్భమది. ఈ ఒక్క విషయంలో నేను కృష్ణుడి పక్షాన ఉంటాను, కాంట్ పక్షాన కాదు. నా నోటి మాటను హత్యకు పనిముట్టుగా వాడుకోదలచినవాడు నా నుంచి నిజాన్ని కోరే అర్హతను తానే పోగొట్టుకున్నాడు. మనిషిని సాధనంగా చూడవద్దన్న కాంట్ సూత్రం నుంచే ఈ ముగింపుకు రావచ్చునని, ఆయన తన సిద్ధాంతాన్ని తానే అవసరానికి మించి బిగించాడని నా అభిప్రాయం.

అయితే ఒక్కసారి మినహాయింపు ఇస్తే అది ఎంత త్వరగా పెరుగుతుందో తెలియాలంటే పోతన భాగవతంలోని శుక్రాచార్యుణ్ణి చూడండి. ఆడవారి విషయంలో, పెళ్ళిళ్ళ విషయంలో, ప్రాణానికో ధనానికో మానానికో ముప్పు వచ్చినప్పుడు, భయపడిన గోవులనూ బ్రాహ్మణులనూ కాపాడేటప్పుడు బొంకవచ్చు, పాపం లేదని బలికి చెబుతాడు. ప్రాణం దగ్గరే ఆగితే అది కౌశికుడి కథ నేర్పే పాఠం. ఆ వరసలోనే ధనం కూడా చేరింది! ఇక ఏ మాటకు విలువ మిగిలినట్టు? వచ్చినవాడు విష్ణువని, రాజ్యం పోతుందని తెలిసి కూడా బలి అన్న మాట వెనక్కి తీసుకోలేదు. బలి మాటల్లో కీర్తి మీద ఆశ కూడా వినిపిస్తుంది, ఆ మేరకు కాంట్ అతనికి పూర్తి మార్కులు వేయడు. అయినా లెక్క వేసే గురువుకూ మాటకు కట్టుబడిన శిష్యుడికీ మధ్య మన జనం తరతరాలుగా ఎవరి పక్షాన నిలిచారో మీకు తెలుసు.

మీ ఇంటి సంగతికి దీన్ని అన్వయించేటప్పుడు దయచేసి ఒక తేడా గమనించండి. ప్రాణం కోసం అబద్ధం ఆడవచ్చు కదా అని మీ బాబాయిగారు అంటున్నారని రాశారు. హంతకుడి కథలో అబద్ధం వినేవాడు ఆపద తెచ్చినవాడు. మీ ఇంట్లో అబద్ధం వినబోయేది ఆపదలో ఉన్న మనిషి. లోపల దాక్కున్న స్నేహితుడి కోసం గుమ్మం దగ్గర అబద్ధం ఆడటం ఒకటి, ఆ స్నేహితుడికే బయట ఎవరూ లేరని చెప్పడం మరొకటి. రెండోదానికి కౌశికుడి కథ సమర్థన కాదు.

"కొడుకుగా ఆయన మనసు కష్టపెట్టకపోవడమే నీ ధర్మం" అన్న వాదనకూ జవాబు చెప్పాలి. ఫలితం మీద దృష్టి లేకుండా పని చేయమన్న గీత బోధకూ కాంట్ బోధకూ పోలిక నిజంగానే ఉంది. కానీ గీతలో కర్తవ్యం స్వధర్మం, అంటే ఎవరి స్థానాన్ని బట్టి వారికి వస్తుంది. కాంట్ చెప్పే కర్తవ్యం స్థానాన్ని అడగదు, బుద్ధి ఉన్న ప్రతి మనిషికీ ఒక్కటే. కొడుకు, భార్య, ఉద్యోగి అనే స్థానాలు మనకు పనులు అప్పగిస్తాయి, ఆ పనుల్లో ఏది చేయదగినదో తేల్చవలసింది మాత్రం మన వివేకమే. 1961లో జెరూసలేంలో విచారణ ఎదుర్కొన్న, లక్షల మంది యూదులను చావుకు తరలించిన నాజీ అధికారి ఐక్‌మన్, తాను జీవితమంతా కాంట్ చెప్పిన కర్తవ్యం ప్రకారమే నడుచుకున్నానని చెప్పుకున్నాడు. పైవాడి ఆజ్ఞను కర్తవ్యం అనుకోవడానికి అంతకంటే ఘోరమైన ఉదాహరణ లేదు. కాంట్ చెప్పింది తన బుద్ధితో తాను విధించుకునే నియమం గురించి. మీ ఇంట్లోవాళ్ళను అలాంటివాళ్ళతో పోల్చడం నా ఉద్దేశం కాదు, వాళ్ళది ప్రేమ. పెద్దవాళ్ళు చెప్పారన్నంత మాత్రాన మీ నిర్ణయం మీది కాకుండా పోదని చెప్పడమే నా ఉద్దేశం.

అయితే నాన్నగారిని బాధపెట్టకపోవడం కూడా కర్తవ్యమే కదా? అవును. ఇక్కడ నాకు కాంట్ కంటే 1930లో తన ముఖ్య గ్రంథం వెలువరించిన బ్రిటిష్ తత్వవేత్త డబ్ల్యు. డి. రాస్ ఎక్కువ ఉపయోగపడ్డాడు. మాట నిలుపుకోవడం, చేసిన తప్పు సరిదిద్దుకోవడం, కృతజ్ఞత, న్యాయం, మేలు చేయడం, హాని చేయకపోవడం వంటి అనేక కర్తవ్యాలు మన మీద ఒకేసారి ఉంటాయని, వాటిలో ఏది ఎప్పుడు బరువైనదో చెప్పే తక్కెడ ఏదీ లేదని, సందర్భాన్ని నిదానంగా చూసి తేల్చుకోవలసిందేనని ఆయన అన్నాడు. స్నేహితుణ్ణి కలుస్తానని మాట ఇచ్చి, దారిలో ప్రమాదంలో చిక్కుకున్నవారికి సాయపడటానికి ఆగిపోతే అది సరైన పనే. అయినా ఇచ్చిన మాట రద్దు కాలేదు, తర్వాత ఆ స్నేహితుడికి సర్దిచెప్పుకోవలసిన బాకీ మిగిలే ఉంటుంది. మా కమిటీలో ఏ పక్షం నెగ్గినా, ఓడిన పక్షం చెప్పిన కర్తవ్యాన్ని ఎలా తీర్చాలన్నది కూడా చర్చించాలని నేను పట్టుబట్టింది ఇందుకే.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మా అన్నయ్యకు కాలేయ క్యాన్సర్ అని తేలినప్పుడు ఇంట్లో అందరం కలిసి 'అల్సర్' అని చెప్పాం. రిపోర్టుల ఫైలు బీరువా పైన పాత దుప్పట్ల కింద దాచాం. బాపట్లలో ఉన్న మా అక్కతో ఆయనకు ఒక పొలం గట్టు విషయంలో తగాదా వచ్చి ఆరేళ్ళుగా మాటలు లేవు. ఆ మూడు నెలల్లో నాలుగైదుసార్లు, "నయమయ్యాక ఒకసారి బాపట్ల వెళ్ళి అక్కను చూసి రావాలిరా" అన్నాడు. తెనాలి దగ్గరి మా ఊరి నుంచి రైల్లో గంట ప్రయాణం. నేను ప్రతిసారీ "అలాగే అన్నయ్యా, ముందు నువ్వు కోలుకో" అన్నాను. ఒక రాత్రి మాత్ర వేసుకుంటూ గ్లాసు చేతిలోనే పట్టుకుని, "పిల్లలకు నీతిశాస్త్రం చెప్పేవాడివి, నువ్వైనా చెప్పరా, ఇది అల్సరేనా?" అని అడిగాడు. అల్సరేనన్నాను. అక్క ఆయన్ను చూసింది చాప మీద పడుకోబెట్టాకే.

ఆయనకు బాధ తప్పించామని మేం అనుకున్నాం. బాధ తప్పలేదు. నొప్పి ఎందుకు తగ్గడం లేదో తెలియక ఆయన ఎక్కువే బాధపడ్డాడు. తప్పించింది బాపట్ల ప్రయాణం. ఉన్న రోజులు ఎన్నో తెలిస్తే వాటిని ఎలా గడపాలో ఆయన తేల్చుకునేవాడు, ఆ నిర్ణయాన్ని ఆయన చేతిలోంచి లాక్కుని మేం తీసుకున్నాం. మనిషిని సాధనం చేయడమంటే వాడుకోవడమొక్కటే కాదని, ప్రేమతో కూడా చేయవచ్చని నాకు తెలిసివచ్చింది అక్కడే.

అలాగని ఈ రోజే వెళ్ళి అంతా కుమ్మరించమని కాదు. అబద్ధం చెప్పకపోవడం వేరు, తెలిసినదంతా చెప్పడం వేరు. తాను అనుకునే విషయాలు చాలావాటిని ఎన్నటికీ చెప్పకపోవచ్చు గానీ, అనుకోనిదాన్ని మాత్రం ఎన్నడూ చెప్పనని కాంట్ స్వయంగా 1766లో మోసెస్ మెండెల్‌సన్ అనే తోటి తత్వవేత్తకు రాసిన లేఖలో అన్నాడు. మీకు కావలసిన దారి ఈ రెంటి మధ్య ఉంది. ఎంత తెలుసుకోవాలో నాన్నగారినే అడగండి. ఇంట్లో సందడి లేని వేళ చూసుకుని, "నాన్నా, పరీక్షల రిపోర్టులు వచ్చాయి. డాక్టరుగారితో మీరే మాట్లాడతారా, లేక ఆ సంగతులన్నీ నన్నే చూసుకోమంటారా?" అని అడగండి. "నువ్వే చూసుకోరా, నాకు చెప్పకు" అని ఆయన అంటే మీ మౌనం ఆయన నిర్ణయం, అందులో మోసం లేదు. "ఏముంది అందులో?" అని అడిగితే జబ్బు పేరు చెప్పండి, ఇంకా అడిగితే ఇంకా చెప్పండి, ఆగితే ఆగండి. ఎన్నాళ్ళు అన్న ప్రశ్న వస్తే డాక్టరుగారినే పిలిపించండి, మీకు తెలియని అంకె మీ నోటితో చెప్పకండి.

అమ్మగారికీ బాబాయిలకూ ఈ పని ముందే చెప్పి చేయండి. వాళ్ళకు తెలియకుండా చేస్తే, నాన్నగారి విషయంలో వద్దనుకున్న తప్పునే వాళ్ళ విషయంలో చేసినట్టవుతుంది. "నిజం చెప్తాను" అని మొదలుపెడితే ఇంట్లో గొడవ అవుతుంది. "ఆయన్ను అడుగుతాను, వద్దంటే చెప్పను" అంటే అమ్మగారు ఒప్పుకునే అవకాశం ఉంది. నేను కమిటీలో ఉన్న రోజుల్లో చాలా కుటుంబాలు ఆ మాటకు మెత్తబడటం చూశాను. ఆయన ఏమన్నారో వీలైతే ఇక్కడ రాయండి. తర్వాతి మాటలు ఎలా సాగించాలో కలిసి ఆలోచిద్దాం.